బిర్యానీ వయసెంత?

ప్రశ్న: మాది మణికొండ. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండే నాలుగు కుటుంబాలవాళ్లం ప్రతి ఆదివారం ఒకరింట్లో కలిసి, సిటీలో పేరున్న హోటళ్ల నుంచి, బేకరీల నుంచి తెప్పించుకుని రుచి చూస్తున్నాం. పెద్దవాళ్లం ఎనిమిదిమందిమి, పిల్లలు అయిదుగురు. ఒక కుటుంబం శాకాహారులు. మూడు నెలలుగా ఇదే వరస. వారానికి రెండున్నర వేలు దాటుతోంది, సగం తిండి మిగిలిపోతోంది. చివరికి ‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అని ఒకరు, ‘మన వీధి చివరి హోటలే నయం’ అని ఇంకొకరు, ప్రతిసారీ ఇదే గొడవ. మొన్న ఇంట్లో వండుకునే చికెన్ బిర్యానీ కిట్ ఒకటి తెచ్చాం. కాగితం మీద రాసినట్టే చేశాం. ముక్క పైన పిండిపిండిగా, ఎముక దగ్గర పచ్చిగా ఉంది. అడుగున అన్నం ముద్దయింది. తప్పు మాదా, కిట్‌దా? ఏది బాగుందో తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉందా? – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ వీధి చివరి హోటల్ సంగతి చూద్దాం. అది ప్రతిసారీ గెలుస్తున్నదంటే అక్కడి వంటవాడు గొప్పవాడే కావచ్చు. కానీ అతనికి ఇంకో సాయం కూడా ఉంది. దమ్ మూత తీసిన పావుగంటకే అతని బిర్యానీ మీ బల్ల మీద ఉంటుంది. చార్మినార్ వైపు నుంచి వచ్చేది మెహిదీపట్నం, టోలిచౌకి దాటుకుని మీ గేటు దగ్గరికి చేరేసరికి గంట పైనే పడుతుంది. ఆ గంటసేపూ మూసిన ప్లాస్టిక్ డబ్బాలో ఆవిరి మూతకు తగిలి, నీరై, మళ్లీ అన్నం మీదే కారుతుంది. పై మెతుకు ఉబ్బి చిట్లిపోతుంది. అడుగున మసాలా చల్లబడి, అందులోని నెయ్యి గడ్డకట్టి ముక్కకు అంటుకుంటుంది. ఇక రుచి ఏం తెలుస్తుంది? మీరు పావుగంట బిర్యానీని డెబ్బై నిమిషాల బిర్యానీ పక్కన పెట్టి చూస్తున్నారు.

అందుకే ఏ పదార్థం తెచ్చినా మొదట అడగాల్సింది దాని వయసు. ఎప్పుడు పొయ్యి దిగింది, ఎప్పుడు మన నోట్లో పడుతోంది అన్నది తేలాలి. రెండు బిర్యానీలను పోల్చాలంటే వాటిని ఒకే వయసుకు తీసుకురండి. దూరపు హోటల్లో పార్సెల్ కట్టించుకుని మనిషి తిరుగు బయల్దేరేటప్పుడే దగ్గరి హోటల్ పార్సెల్ కూడా కట్టించి, మూత తీయకుండా బల్ల మీద ఉంచండి. రెండూ ఒకే బాధ పడ్డాక అప్పుడు విప్పండి. అలా ఉంచడమైనా కట్టించినప్పటి నుంచి తినేదాకా మొత్తం రెండు గంటలు దాటకూడదు. ఏప్రిల్, మే ఎండల్లోనైతే గంటే. లేదంటే నలుగురు కలిసి ఆ హోటల్‌కే వెళ్లి తినండి. ఆర్‌టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చీ, బషీర్‌బాగ్ వైపు కేఫ్ బహార్, పాతబస్తీ షాదాబ్... ఏదైనా సరే, బల్ల ముందు కూర్చుని తిన్నదానికీ డబ్బాలో వచ్చినదానికీ ఒకే మార్కుల పుస్తకం పెట్టకండి. ఆ లెక్కలు విడివిడిగా రాసుకోండి.

ఇక ఖర్చు. ముగ్గురికి, నలుగురికి సరిపోయే ఫ్యామిలీ ప్యాక్‌లు మూడు చోట్ల నుంచి తెప్పిస్తే మిగలక ఏమవుతుంది? మీలో మాంసం తినే పెద్దవాళ్లు ఆరుగురు. రుచి చూడటానికి ఒక్కొక్కరికి 80 గ్రాములు చాలు, అంటే చిన్న గరిటెడు. మొత్తం 480 గ్రాములు. ఒక్కో చోటు నుంచి ఒక్క సింగిల్ బిర్యానీ తెస్తే, అది పెద్దవాళ్ల రుచికి పోను పిల్లలకూ కొంత మిగులుతుంది. వంటింటి కాటా ఒకటి పెట్టుకోండి, దాంతో కొన్ని భ్రమలు పోతాయి. ఉదాహరణకు 340 రూపాయల డబ్బా 780 గ్రాములు తూగింది అనుకోండి. ముక్కలు తీసి విడిగా తూస్తే 230. తిన్నాక ఎముకలు తూస్తే 70. అంటే నోట్లోకి పోయిన మాంసం 160 గ్రాములే, మొత్తం తినగలిగింది 710. వంద గ్రాములకు 48 రూపాయలు పడింది. పక్క హోటల్ డబ్బా నలభై రూపాయలు తక్కువకే వచ్చి, అందులో సగం బరువు ఎముకే అయితే అది చవక కాదు. యాప్‌లో ఉండే ధర, హోటల్ కౌంటర్ దగ్గరి ధర కూడా చాలాచోట్ల వేరు. ప్యాకింగ్ రుసుము విడిగా పడుతుంది. ఫోన్ చేసి పార్సెల్ కట్టించుకుని మనమే తెచ్చుకుంటే ఆ తేడా మిగులుతుంది, వయసు కూడా మన చేతిలో ఉంటుంది.

డబ్బా విప్పగానే అందరూ చేతులు పెట్టకండి. ఎంగిలి పడకముందే రేపటికి ఉంచుకునేది శుభ్రమైన గరిటెతో తీసి, వెడల్పాటి స్టీలు డబ్బాలో పలచగా పరిచి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మిగిలింది పారేయాల్సి రావడానికి పెద్ద కారణం అలా చేతులు పడటమే. అందరి చేతులూ పడ్డ డబ్బాను మర్నాడు ఎవరు తింటారు? అన్నం విషయంలో జాగ్రత్త ఇంకో మెట్టు ఎక్కువ. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. వండిన అన్నం గది వేడిలో గంటలకొద్దీ ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. సాయంత్రం దాకా బల్ల మీదే ఉన్న బిర్యానీని రాత్రి పొగలు కక్కేలా వేడి చేసినా లాభం లేదని అర్థం. ఫ్రిజ్‌లో పెట్టిందైతే మర్నాటికి, అదీ ఒక్కసారే వేడి చేసి తినేయండి.

గరిటె ఎలా వేస్తారన్నది కూడా ముఖ్యమే. హైదరాబాదీ దమ్ బిర్యానీ పొరలుగా ఉంటుంది. పచ్చి మాంసాన్ని పెరుగు, పచ్చి బొప్పాయి, వేయించిన ఉల్లిపాయలతో ఊరబెట్టి అడుగున పరుస్తారు. దాని మీద ముప్పావు వంతు ఉడికిన బియ్యం పోసి, మూతకు పిండి చుట్టి దమ్ పెడతారు. అందుకే హోటల్లో హండీలోంచి తీసేవాడు పళ్లెం అంచుతో ఒక పక్క నుంచి అడుగుదాకా నిలువుగా కోస్తాడు. మీరు డబ్బాలో కలిపేస్తే ఆ పొరలు పోతాయి. ముందు తెల్ల మెతుకులు నాలుగు విడిగా తినండి. ఉప్పు బియ్యంలోకి ఎక్కిందా, మెతుకు నిలబడిందా అన్నది అక్కడే తెలుస్తుంది. తర్వాత మసాలా అంటిన అన్నం, ఆ తర్వాత ముక్క, చివరికి అన్నీ కలిపి ఒక ముద్ద. మిర్చీ కా సాలన్, పెరుగు చట్నీ అప్పటిదాకా తాకొద్దు. పల్లీలు, నువ్వులు, చింతపండు పడ్డ సాలన్ ఎంతటి చప్పిడి బిర్యానీనైనా నిలబెట్టేస్తుంది. సాలన్ పోసుకుని బిర్యానీకి మార్కులేయడం, పెరుగావడ తిని గారెకు మార్కులేయడం ఒకటే.

రంగు కూడా చూడండి. కుంకుమపువ్వు పాలు చల్లితే పసుపు అక్కడక్కడా చారలుగా, లేతగా ఉంటుంది. డబ్బా అంతా ఒకే గాఢమైన నారింజ, దానికి తోడు వేళ్లకు, పళ్లానికి అంటుకుంటే అది పొడి రంగు. బిర్యానీలో కృత్రిమ రంగులు వేయడానికి ఆహార నిబంధనలు ఒప్పుకోవు.

‘అన్నీ ఒకేలా ఉన్నాయి’ అనే మాటకు కారణం మీ నాలుకలు కాదు, వరస. కారం పేరుకుంటూ పోతుంది. మొదటిది తిన్నాక రెండోది ఎప్పుడూ కాస్త కారంగా, మూడోది మొద్దుగా తోస్తుంది. కారం నీళ్లలో కరగదు కాబట్టి మంచినీళ్లు తాగితే ఏమీ తగ్గదు. రకానికీ రకానికీ మధ్య ఒక చెంచా ఉత్త అన్నమో గుప్పెడు మరమరాలో నమిలి, ఉప్పు వేయని మజ్జిగ రెండు గుక్కలు తాగి, మూడు నిమిషాలు ఆగండి. కూల్‌డ్రింకులు వద్దు. ఒక పూటకు మూడు రకాలు, మహా అయితే నాలుగు. అందరూ ఒకే దానితో మొదలుపెట్టకూడదు. ఇద్దరు మొదటిదానితో, ఇద్దరు రెండోదానితో, ఇద్దరు మూడోదానితో మొదలుపెడితే వరస చేసే మోసం తలా కొంత పంచుకున్నట్టవుతుంది.

పేర్లు దాచండి. డబ్బాలు వంటింట్లోనే విప్పి, ఆ పూట రుచి చూడని ఒకరు వడ్డించాలి. మీ శాకాహార కుటుంబానికి ఈ పని అప్పగించడం తేలిక, వాళ్లు ఒప్పుకుంటేనే. పళ్లాలకు 1, 2, 3 అనో ఎ, బి, సి అనో రాస్తే మనసు మొదటిదాని వైపు మొగ్గుతుంది. 417, 962, 285 లాంటి అర్థం లేని అంకెలు రాయండి.

గొడవ మరీ ముదిరితే దానికీ ఒక పరీక్ష ఉంది. రెండు హోటళ్ల బిర్యానీ మూడు పళ్లాల్లో పెట్టండి. రెండింటిలో ఒకే హోటల్‌ది, మూడోదాంట్లో రెండో హోటల్‌ది ఉండాలి. వేరేది ఏదో చెప్పమనండి. కళ్లు మూసుకుని చెప్పినా మూడింట ఒక వంతు మందికి సరిపోతుంది. కాబట్టి ఆరుగురిలో ముగ్గురో నలుగురో సరిగ్గా చెప్పారంటే అందులో గొప్పేమీ లేదు. అయిదుగురు చెబితేనే తేడా నిజంగా ఉన్నట్టు. ఎనిమిదిమంది కూర్చుంటే ఆరుగురు చెప్పాలి. తేడానే పట్టలేకపోయిన రెండింటిలో ఏది గొప్పదన్న వాదన అక్కడితో ఆగిపోతుంది. ఆగాలి కూడా.

ఇప్పుడు కిట్. తప్పు ఇద్దరిదీ అనుకోండి.

‘పైన పిండిపిండి, లోపల పచ్చి’ అన్న మీ మాటలోనే కారణం ఉంది. ఊరబెట్టిన మాంసంలో పచ్చి బొప్పాయి ఉంటే దానిలోని ఎంజైమ్ ఫ్రిజ్‌లో కూడా మెల్లగా పనిచేస్తూనే ఉంటుంది. చికెన్ మెత్తనిది, దానికి గంట, రెండు గంటలు చాలు. ప్యాక్ చేసిన మూడో రోజుకు ముక్క పైపొర పిండవుతుంది. ‘యూజ్ బై’ తేదీ ఇంకా దాటలేదు కదా అని చివరి రోజు దాకా ఉంచితే చెడిపోదు కానీ, తినడానికి బాగుండదు. కిట్ కొనేటప్పుడు చివరి తేదీ కంటే ముందు ప్యాకింగ్ తేదీ చూడండి. నిన్నో ఇవాళో ప్యాక్ అయిందైతేనే తీసుకోండి, తెచ్చిన రోజే వండండి. ఊరబెట్టే పొట్లంలో బొప్పాయి ఉందో లేదో పదార్థాల పట్టికలో ఉంటుంది. ఆ పట్టికలో ఏది బరువులో ఎక్కువో అది ముందు వస్తుంది. మసాలా పొట్లం పట్టికలో మొదటి పేరు ఉప్పే అయితే వండేటప్పుడు మీరు వేసే ఉప్పు తగ్గించండి.

పచ్చి మిగలడానికి కారణం చల్లదనం. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్క 4 డిగ్రీల దగ్గర ఉంటుంది. కాగితం మీద రాసిన ‘25 నిమిషాలు దమ్’ గది వేడికి వచ్చిన ముక్కకు లెక్క. పొయ్యి ఎక్కించడానికి 20 నిమిషాల ముందు బయట పెట్టండి, అరగంట దాటనీయొద్దు. గిన్నె సంగతీ ఉంది. అర కిలో చికెన్, 300 గ్రాముల బియ్యానికి 3 లీటర్ల మందపాటి అడుగు గిన్నె సరిపోతుంది. ముక్కలు అడుగున ఒకే వరసలో పట్టాలి. చిన్న గిన్నెలో ఒకదాని మీద ఒకటి పడితే పైముక్క ఉడకదు. మరీ వెడల్పాటి గిన్నెలో పెరుగు నీళ్లు ముందే ఇగిరి అడుగంటుతుంది.

అడుగున అన్నం ముద్ద కావడం ఆ పెరుగు నీళ్ల వల్లే. గడ్డకట్టి కరిగిన చికెనైతే ఇంకా నీరు వదులుతుంది. బియ్యం పోసే ముందు ముక్కలను మసాలాతో సహా మూత లేకుండా మధ్య మంట మీద అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. పచ్చి మాంసం మీదే దమ్ పెట్టాలన్న కచ్చీ సంప్రదాయానికి ఇది కొంచెం ద్రోహమే. కిట్‌తో మొదటిసారి చేసేవాళ్లకు ఆ ద్రోహం మన్నించవచ్చు. గిన్నె వంచితే నీళ్లలా జారకుండా చిక్కని మజ్జిగలా కదలాలి. అప్పుడు బియ్యం.

బియ్యం అరగంట నానబెట్టండి. 300 గ్రాములకు మూడు లీటర్ల నీళ్లు తెర్లుతుండగా ఉప్పు వేయండి. నోట్లో వేసుకుంటే ‘అమ్మో, ఎక్కువైందే’ అనిపించేంత. ఆ ఉప్పు చాలా వరకు వార్చిన నీళ్లలోనే పోతుంది. నానిన బాస్మతి అయిదారు నిమిషాల్లో దింపే స్థాయికి వస్తుంది. ఒక మెతుకు తీసి రెండు వేళ్ల మధ్య నొక్కండి. మెత్తగా నలిగి, మధ్యలో తెల్లని చుక్క కనపడాలి. చుక్క పోయిందంటే ఆలస్యమైంది. వెంటనే వార్చి, చిల్లుల గిన్నెలో ఒక నిమిషం నీరోడనిచ్చి, ముక్కల మీద వదులుగా జల్లండి, గరిటెతో అదమకండి. మూత చుట్టూ పిండి చుట్టి, పెద్ద మంట మీద అయిదు నిమిషాలు, గిన్నె పక్కలు చెయ్యి పెట్టలేనంత కాలేదాకా ఉంచండి. తర్వాత గిన్నె కింద పెనం పెట్టి సన్న మంట మీద 20 నుంచి 25 నిమిషాలు. కట్టేశాక పది నిమిషాలు మూత తీయొద్దు. అనుమానముంటే పుల్లలాంటి డిజిటల్ థర్మామీటర్ ఎముక పక్కన గుచ్చి చూడండి. 75 డిగ్రీలు చూపిస్తే తినొచ్చు. మటన్ కిట్ జోలికి మాత్రం ఇప్పుడే పోకండి. పచ్చి మటన్ మీద దమ్‌కు మంట, గిన్నె, చెయ్యి మూడూ కుదరాలి, మొదటి ప్రయత్నంలో కుదరదు.

కిట్లలో ఇంకో రెండు రకాలుంటాయి, వాటి గుర్తులు ఒకదానికొకటి తలకిందులు. ఇడ్లీ, దోశ పిండి ప్యాకెట్ సజీవంగా ఉంటుంది, ఫ్రిజ్‌లోనూ పులుస్తుంది. అది కొంచెం ఉబ్బితే భయం లేదు. తెచ్చిన రోజు, మర్నాడు ఇడ్లీ వేసుకోండి, మూడో రోజు నుంచి దోశ, ఇంకా పులిస్తే ఊతప్పమో పునుగులో. తేదీ దాటిపోతే మాత్రం పారేయడమే. వేడి నీళ్లలో ముంచి తినేసే రెడీ టు ఈట్ పొట్లాలు అలా కాదు. అవి సీల్ చేశాక అధిక వేడిలో ఉడికించి నెలల తరబడి నిలవ ఉండేలా చేస్తారు, లోపల ఏదీ బతికి ఉండకూడదు. ఆ పొట్లం ఉబ్బిందంటే లోపల ఏదో పెరుగుతోంది. రుచి చూద్దామని కూడా విప్పకండి, పారేయండి.

ఇళ్లలో వండి అమ్మేవాళ్ల దగ్గర కిట్లు కొంటే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబర్ అడగండి. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్. ఇంటి వంటవాళ్లకు సాధారణంగా రెండోది ఉంటుంది, అది తక్కువేమీ కాదు. నంబరే లేదంటే మొహమాటపడకుండా వద్దనండి.

అసలు హైదరాబాద్‌కు మీల్ కిట్ కొత్తేమీ కాదు. అమీర్‌పేట హాస్టళ్లవాళ్లూ కూకట్‌పల్లి ఉద్యోగులూ కర్రీ పాయింట్ల మీద ఎన్నాళ్లుగా బతకడం లేదు? అన్నం ఇంట్లో, మిగతాదంతా పాయింట్‌లో. పన్నెండు లోపు, సాయంత్రమైతే ఏడింటికి వెళ్లండి. తలుపు తీసిన మొదటి గంటలో పప్పు, చారు, కూరలు పొయ్యి మీంచి వచ్చినవే ఉంటాయి. వేపుడు చివర్లో, ఇంటికి బయల్దేరేటప్పుడే కట్టించుకోండి, లేకపోతే పది నిమిషాలకే మెత్తబడుతుంది. కాగే పప్పును పలచని ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకుండా రెండు స్టీలు డబ్బాలు వెంట తీసుకెళ్లండి. మీ నాలుగు కుటుంబాలూ తలా ఒక కర్రీ పాయింట్ నుంచి ఒకే టమాటా పప్పు తెస్తే, ఆ ఆదివారం ఖర్చు ఒక బిర్యానీ డబ్బా అంత కూడా కాదు. పప్పులో తేడాలు బిర్యానీలో తేడాల కంటే స్పష్టంగా పట్టుబడతాయి. కంది ఎంత ఉడికింది, పోపు మాడిందా, పులుపు టమాటాదా చింతపండుదా అన్నవన్నీ ఒక్క ముద్దలో చెప్పొచ్చు.

ఇదే మీ శాకాహార కుటుంబానికి కూడా జవాబు. దయచేసి వాళ్లను వెజ్ బిర్యానీతో సరిపెట్టకండి. బగారా అన్నం, గుత్తి వంకాయతో చేసే బగారా బైంగన్, పచ్చి పులుసు, సర్వపిండి... ఇవన్నీ ఈ నేల తిండే. సర్వపిండినైతే ఆరనిచ్చి తినకూడదు. మధ్యలో వేలితో చేసిన చిల్లుల చుట్టూ ఎర్రగా కరకరలాడుతూ, లోపల శనగపప్పు పంటికి తగులుతూ ఉండటం గిన్నె దిగిన పావుగంటలోనే. భోజనం హోటల్‌కు వెళితే పన్నెండున్నరకల్లా కూర్చోండి. మొదటి పరీక్ష వేడన్నంలో పప్పు, రెండోది చారు. రెండున్నర దాటాక సాంబార్‌లో నీళ్లు పెరుగుతాయి, పెరుగు పులుస్తుంది, అప్పుడు ఏ హోటల్‌నూ నిందించలేం.

బేకరీలకు పొద్దున్న లేవాలి. మీకు దగ్గరి మెట్రో రాయదుర్గం. అక్కడెక్కి అమీర్‌పేటలో మారితే నాంపల్లి. సుభాన్ బేకరీ అక్కడికి దగ్గరే. ఒక స్టేషన్ అవతల గాంధీభవన్‌లో దిగితే మొజంజాహీ మార్కెట్, అక్కడ 1953 నాటి కరాచీ బేకరీ. లక్డీకాపూల్ దగ్గర కేఫ్ నీలోఫర్, చార్మినార్ పక్కన నిమ్రా. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మోసే ఉస్మానియా బిస్కెట్‌ను వీటిలో ఏ మూడు చోట్లైనా ఒకే పొద్దున కొనొచ్చు. కౌంటర్ దగ్గర ‘ట్రే కబ్ నిక్లేగా భాయ్’ (ట్రే ఎప్పుడు బయటికొస్తుంది) అని అడగండి, వాళ్లే చెబుతారు. ప్రయాణానికి తట్టుకునే వస్తువు ఇదొక్కటే. గాలి చొరని డబ్బాలో పెడితే రెండు మూడు రోజులు అలాగే ఉంటుంది కాబట్టి, మీ మూడు పళ్లాల పరీక్ష దీనితోనే మొదలుపెట్టడం నయం. శాకాహారులు కూర్చోవచ్చు, విడిగా అమ్మేవాటిలో గుడ్డు పడిందా లేదా అడిగి. ప్యాకెట్ అయితే ఆకుపచ్చ చుక్క ఉందేమో చూసుకోండి, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం కింద లెక్క.

బిస్కెట్‌ను విరవండి. పొడిపొడిగా రాలిపోకూడదు, టక్కున రెండుగా విరగాలి. మొదట నాలుకకు తగలాల్సింది ఉప్పు, దాని వెనక తీపి. మింగాక అంగిటికి మైనం పూసినట్టుంటే వనస్పతి ఎక్కువైంది. వెన్నైతే నోటి వేడికే కరిగిపోతుంది. చివరగా ఇరానీ చాయ్‌లో మూడు అంకెలు లెక్కపెట్టే దాకా ముంచండి. చాయ్ కూడా వయసు మీదే ఆధారపడుతుంది. డికాక్షన్ వేరుగా, చిక్కగా కాచిన పాలు వేరుగా ఉంచి కప్పులోనే కలుపుతారు. ఫ్లాస్కులో కలిపి ఇంటికి తెచ్చింది ఇరానీ చాయ్ కాదు, ఉత్త టీ.

ఎగ్ పఫ్ ఆయుష్షు గంట. మైక్రోవేవ్‌లో పెడితే పొరలు తోలులా సాగుతాయి. పెనం మీద మూత పెట్టి సన్న మంటన నాలుగైదు నిమిషాలు వేడి చేస్తే కొంత ప్రాణం వస్తుంది. కొబ్బరి, టూటీఫ్రూటీ కూరిన దిల్‌పసంద్ ఒక రోజు నిలుస్తుంది, నాలుగు ముక్కలు చేసి పంచుకోండి, ఒక్కరు తినగలిగేది కాదు. ఖీమా పెట్టిన నలుచదరపు లుఖ్మీ వేడి పోయాక కొవ్వు తేలుతుంది, అక్కడే తినేయండి. క్రీమ్ కేకులను మెట్రోలో మోయకండి. పొద్దున్నే తినే మాంసం పులుసు నహారీ కోసమైతే తెల్లవారకముందే పాతబస్తీలో ఉండాలి, పార్సెల్‌లో ఆ జిడ్డు గడ్డకట్టుకుపోతుంది. హలీం రంజాన్ సాయంత్రాలది. 2010లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన ఆ వంటకాన్ని చెంచాతో పైకి లాగితే మాంసం పీచులు దారాల్లా సాగాలి. గోధుమ జావలా జారిపోతే కొట్టడం సరిపోలేదని అర్థం.

పిల్లల గురించి ఒక్క మాట. మోమోలు, షవర్మా తెప్పిస్తే మయోనీస్ సంగతి అడగండి. పచ్చి గుడ్డుతో చేసిన మయోనీస్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాదిపాటు నిషేధించింది, దానికి కారణం జనం ఆస్పత్రుల పాలవడమే. గుడ్డు లేనిదని చెబితే సీసా చూపించమనండి, చెప్పలేకపోతే అది లేకుండానే కట్టించుకోండి.

కూర్చుని తిన్నచోట బిల్లు కూడా ఒకసారి చదవండి. మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ చార్జి మాత్రం మీ ఇష్టం. దాన్ని బిల్లులో తమంతట తామే కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా అదే నిలబెట్టింది. తీసేయమంటే తీసేయాలి. వాదన వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915.

మీ పుస్తకంలో ఒక్కో పదార్థానికి ఒక్క గీత చాలు. తేదీ, పొయ్యి దిగిన వేళ, తిన్న వేళ, బరువు, ధర, మళ్లీ కొంటామా లేదా. ఒక్కసారి బాగాలేదని ఏ హోటల్ పేరూ కొట్టేయకండి. ఆదివారం మధ్యాహ్నం రద్దీలో ఒకసారి, మామూలు రోజు ఒకసారి తిన్నాకే ఆ గీత కింద సంతకం పెట్టండి. ఇక వచ్చే ఆదివారానికి బిర్యానీ ఆపి, మూడు చోట్ల ఉస్మానియాలు తెచ్చుకోండి. ఎనిమిదిమందికి తలా మూడు, ఒక్కో దుకాణం నుంచి పన్నెండేసి కొంటే సరిపోయి పిల్లలకూ మిగులుతాయి.